మంగళవారంలోంచి ఒక్కటి

క్లాక్స్‌వీక్ రేవులో వాన అడ్డంగా కురుస్తోంది.
బార్దుర్ గుమ్మంలోనే నిలబడ్డాడు, టోపీ పిండుకుంటూ.
"పడవవాళ్ళ వాటాల లెక్క చెరిపేశాను, రన్వా.
తెల్లారితే జీతాలు."

సర్వర్ మొత్తాన్నీ వెనక్కి తిప్పెయ్యమన్నాడు.
ఎలుక మీద కోపానికి ఇల్లు తగలబెట్టుకుంటామా?
మూడు రోజుల చేపల వేలం అందులోనే ఉంది.

మంగళవారం రాత్రి బ్యాకప్‌ని
చదవడానికి మాత్రమే తెరిచాను.
దానికి బుధవారం సంగతి తెలీదు.
ఉత్తరాన గాలివాన ఇంకా లేవలేదు,
వెనక్కి మళ్ళిన పడవ ఇంకా మళ్ళలేదు.
లెక్కల ఫోల్డరు, అందులో పడవ పేరు, అందులో నెల.
దొరికింది. నలభై కిలోబైట్లు,
పదకొండు ఇళ్ళ పొయ్యిలు.

పక్కనే ఇంకొకటి:
'రాజీనామా, బార్దుర్'.
మంగళవారం, సాయంత్రం ఆరుంపావు.
ఇవాళ్టి డిస్కులో అది లేదు.
చెయ్యి జారి పోయిందేదో
చేత్తో తుడిచిందేదో
బ్యాకప్‌కి తెలీదు.
నాకు తెలియాలి.

అడిగినదొక్కటే బయటికి తీసి
మంగళవారాన్ని మూసేశాను.
"ఇంకేమైనా కావాలా?"
అతను తెర వైపు చూశాడు, కాస్త ఎక్కువసేపే.
"కాఫీ ఉందా?" అన్నాడు.