మూడు రద్దాలు

కిష్టమ్మ అసలు పేరేందో నాకు తెలీదు.
డెన్మార్కంట. మాకు నోరు తిరగక
రెండో దినానికే కిష్టమ్మను చేసినాం.
ఎర్రగుంట్ల టేసన్లో ఎనిమిది మంది దిగినారు,
నలుగురు గోడలకు, నలుగురు కండ్లకు.
"ఇమానం టికెట్ల దుడ్లతో ఇంకో నాలుగిండ్లు లేస్తాయి కదప్పా"
అన్నాడు టీ అంగడి మదార్ వలీ.
నిజమే అనిపించింది. అనలా.
ఆ టీ వాళ్ళు ఇప్పించిందే.

ఇల్లు సుంకమ్మది.
పోయిన వానలకు చౌడు మిద్దె కూలి
మూన్నెల్లుగా పట్ట కింద ఉంటాది.
బేల్దారి నేను, ఓబులేసు.
ఈ తట్టు లేచిన గోడల్లో సగం
నా చేతివే.

ఉత్తరపు గోడ కిష్టమ్మకిచ్చినా.
తాపీ పట్టుకుంటే
పాయసం గరిటె పట్టినట్టుంటాది.
ఇటుక పెడతాది. దారం చూస్తాది.
గుండు వదుల్తాది,
అది ఊగి ఊగి నిలిచేదాకా
ఊపిరి తీసుకోదు.
పొద్దుగూకేలోగా ఒకే ఒక్క రద్దా.
మాలు గట్టిపడిపోతాందని నేను తిడితే
ఇంటరు చదివే షాహిదా
నా తిట్లను ఇంగ్లీషులోకి మారుస్తాది.
ఏం మారుస్తాదో గాని
కిష్టమ్మ నగుతా తలూపుతాది.

రేత్రి
వాళ్ళంతా చర్చి వసారాలో దోమతెరల్లో దూరినాక
పోయి ఆ రద్దా మీద చెయ్యి ఆడించినా.
వంకర.
పచ్చిగా ఉండంగానే పెరికి మళ్ళీ పెట్టినా.
లైటు లేదు. ఎందుకు లైటు?
బేల్దారికి కండ్లు వేళ్ళలో ఉంటాయని
మా నాయన మాట.
అట్లా మూడు రేత్రులు.
పొద్దున్నే ఆ పిల్ల గోడ ముందర నిలబడి
తల కొంచెం వంచి చూసేది.
ఏమీ అనేది కాదు.
గుండు జేబులో వేసుకొని
కొత్త దారం కట్టేది.

నాలుగో దినం బడిలో కండ్ల క్యాంపు.
నాకోసం కాదు, సుంకమ్మకు తోడు పోయినా.
మూడు కాళ్ళ గుర్తులున్న అట్ట,
కాళ్ళు ఏ తట్టున్నాయో చేత్తో చూపాల.
సుంకమ్మ కాసేపు పైకి చూపింది,
కాసేపు డాక్టరును చూపింది.
"నువ్వూ కూచో" అన్నాడు ఆయప్ప సైగతో.
నా కుడి కన్ను మూసినాడు.

అట్ట లేదు.
గోడ లేదు.
చిక్కటి మజ్జిగలో ముఖం పెట్టినట్టుంది.

ఎన్నాళ్ళుగా, అని అడిగించినాడు.
నిన్నటి నుంచి, అన్నా.
షాహిదా నన్నొకసారి చూసి
ఇంగ్లీషులో రెండు వేళ్ళు చూపించింది.
రెండేండ్లు.
దానికెట్లా తెలుసు?
వాళ్ళింటి మెట్లు కట్టింది నేనే,
మొన్న ఎండాకాలం.

వ్యానులో కడపకు తీసకపోయి
పొర తీసి, నల్లద్దాలు పెట్టి
మూడో దినం ఊళ్ళో దింపినారు.
సుంకమ్మ పట్ట కిందికి పోయింది,
నేను గోడ కాడికి పోయినా.
అద్దాలు తీయొద్దన్నారు.
తీసినా.

అడుగున మూడు రద్దాలు
గొర్రెలు నడిచిన బాట మాదిరి.
వాటి పైన కిష్టమ్మవి,
గీత గీసినట్టు.
నడిమధ్య మాలు
ఒకచోట బొటనవేలు మందం, ఒకచోట గోరంత.
నా వంకరంతా అక్కడ మింగించి
తన వరస నిలబెట్టుకుంది.

వెనకాల ఎప్పుడొచ్చిందో, చేతులు తుడుచుకుంటాంది.
"ఏం చెప్పమంటావ్ మామా?" అన్నాది షాహిదా.
"మాలు చానా దండగ చేసిందని చెప్పు."
షాహిదా ఏదో చెప్పింది,
అంత పొడుగు నేననలా.
కిష్టమ్మ నగలేదు ఈసారి.
గుండు తీసి నా అరచేతిలో పెట్టి
మాలు కలపను పోయింది.

పూత పూస్తే ఎవురిది ఏ వరసో తెలీకుండా పోయేది.
సుంకమ్మ పూత వద్దంది.
ఆ సిమెంటు దుడ్లతో ఇంకో కిటికీ పెట్టమంది,
ఇప్పుడు చూడను పనికొస్తాదంట.

గోడ అట్లనే ఉంది, ఉత్తగా.
వేరే ఊరి బేల్దారులు పోతా పోతా నిలబడి
అడుగు వరసలు చూసి
ఎవురు కట్టినారవ్వా ఇది, అంటారు.
"డెన్మార్కోళ్ళు" అంటాది సుంకమ్మ.

అరుగు మీద కూచున్న నేను
గమ్మునుంటా.