మూజువాణి

పెదమెరక లాకుల దగ్గర లస్కరు పని నాది.
పొద్దున్న ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి
రాతి మీద చెక్కిన అంకెల్లో నీళ్ళు ఎక్కడున్నాయో చూసి
పుస్తకంలో రాయాలి. అంతే.
నీళ్ళకి మొహమాటం తెలీదు,
ఉన్నచోటే ఉంటాయి.

అదే పుస్తకాన్ని తలకిందులు చేసి, వెనక పేజీల్లో
మా ఎంపీగారి లెక్క మొదలెట్టాను.
ఓట్లప్పుడు ఈ లాకుల మీదే నిలబడి
"నేను మీ నీళ్ళ మనిషినండి" అన్నారు
అడబాల కేశవరాయుడుగారు.
నీళ్ళ మనిషికి గేజీ ఉండాలి కదా అనిపించింది.

తోడల్లుడి కూతురు హేమసుందరి ఫోన్లో చూసి చదువుతుంది,
నేను రాస్తాను.
వానాకాలం సమావేశాలు: పదిహేడు రోజుల్లో పద్నాలుగు హాజరు.
ప్రశ్నలు అయిదు.
కొబ్బరి పీచు మీద ఒకటి,
మా రైలు మీద మూడు (ఒకటే ప్రశ్న, మూడుసార్లు),
ఎడారిలో ఒంటెల సంఖ్య మీద ఒకటి.
ఇదెందుకో మా ఇద్దరికీ అంతుపట్టలేదు.
రైలుకి జవాబు: పరిశీలనలో ఉంది.
పరిశీలన అనే స్టేషన్లో ఆ బండి
నా పెళ్ళికి ముందునుంచీ ఆగి ఉంది.

మీట నొక్కిన ఓట్లు ఏడు.
ఏడూ పార్టీ చెప్పినట్టే.
"విప్పు ఇస్తారు పెదనాన్నా" అంది.
మన భాషలో విప్పు అంటే ముడి తియ్యమని.
అక్కడ బిగించడానికంట.

ఇక ఆ బిల్లు.
కాలవకీ రొయ్యల చెరువుకీ మధ్య ఉండాల్సిన దూరం
సగానికి సగం తగ్గించే సవరణ.
అంతకుముందే టైలెండు నుంచి నాగభూషణం
సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి
"నాలిక మీద వేసుకో" అన్నాడు.
వేసుకున్నాను.
దాళ్వా నారు ఎందుకు ఎర్రబడిందో
ఆ తరవాత వేరే చెప్పక్కర్లేకపోయింది.

బిల్లు రెండు నిమిషాల్లో అయిపోయింది.
పైన కూర్చున్నాయన అడిగాడు, కింద గోల లేచింది,
అవునన్నవాళ్ళే ఎక్కువన్నాడు.
మూజువాణి.
అంకె లేదు, పేరు లేదు.
తూములోంచి దూకే నీళ్ళలో
ఏ చుక్క ఏ పాయదో ఎవడు చెప్పగలడు?
నా పుస్తకంలో ఆ గడి ఖాళీ.

మాఘంలో వచ్చారు,
గుర్రపుడెక్క తీసే యంత్రానికి రిబ్బను కత్తిరించడానికి.
బోండం కొట్టి చేతికిస్తూ అడిగాను:
"ఆ రోజు మీ నోరు ఎటు కదిలిందండి?"
గన్‌మేను నవ్వాడు. ఆయన నవ్వలేదు.
బోండంలో గొట్టం తిప్పుతూ కాసేపు కాలవకేసి చూశారు.
"లేనండి.
సంతకం పెట్టి క్యాంటీనుకి వెళ్ళిపోయాను.
ఉంటే కాదనాలి. కాదంటే నాకు టిక్కెట్టుండదు."
మళ్ళీ, గొంతు తగ్గించి,
"ఇది రాయకండే" అన్నారు.
ఆయ్ అన్నాను.

ఇంటికొచ్చి పుస్తకం తీస్తే
తిరగేయడం మర్చిపోయి ముందువైపు తెరిచాను.
పెద్ద వరదొచ్చిన ఏడు, శ్రావణం, రాత్రి పదకొండు:
ఆరడుగుల నాలుగంగుళాలు.
నా దస్తూరీయే.

ఆ రాత్రి నేను గేజీ దగ్గరికి వెళ్ళలేదు.
చిన్నదానికి జ్వరం. బయట వాన.
పదింటి లెక్కకి అంగుళం కలిపి రాసేశాను.
తెల్లారేసరికి దిగువన కుసుమర్తోళ్ళ గట్టు తెగింది.
నన్నెవరూ ఏమీ అడగలేదు.
పుస్తకంలో అంకె ఉంది కదా.

చాలాసేపు కూర్చున్నాను.
తరవాత పుస్తకం తిప్పి, ఖాళీ గడిలో
పెన్సిలుతో 'లేరు' అని రాశాను.
దాని కిందే ఆ పాత తారీకు వేసి
ఇంకోసారి, 'లేడు'.

"రెండోది ఎవరిది పెదనాన్నా?" అంది హేమ.
ఆరు కావస్తోంది,
నీళ్ళు చూసొస్తానని లేచాను.