కళ్ళెం

నరిన్ ఆసుపత్రి. మంచు కరగని మార్చి.
బెక్తెన్‌కి ఆరేళ్ళు, మెల్లకన్ను.
మత్తులోకి జారేముందు అడిగాడు:
"మా గుర్రం కిటికీ దగ్గరికొస్తే నన్ను లేపుతారా?"

ఇప్పుడు మానిటర్ మోగుతోంది. నూట పది.
గుర్రప్పిల్ల దౌడు.
నేను తెర వైపు చూడను, చెవితో కాపలా కాస్తాను.

నుర్దొలోత్ కొక్కెం వేసి
కంటి కండరాన్ని పైకి లాగాడు.
దౌడు నడకైంది.
నడక
ఒక్కో
డెక్క.
తర్వాతి డెక్క ఎక్కడ పడుతుందో

"వదులు."

అతని చెయ్యి వదిలేసింది, ఎందుకని అడగలేదు.
పద్నాలుగేళ్ళుగా మా స్నేహమంతా ఈ ఒక్క మాటే.

కంటిని లాగితే గుండె తడబడుతుంది,
పుస్తకాల్లో దీనికి పొడుగాటి పేరుంది.
మా అమ్మ మాత్రం
కళ్ళెం బిగబట్టి లాగితే
ఎంత పొగరు గుర్రమైనా వెనక్కి వాలుతుందనేది.

నలభై రెండు. అరవై. తొంభై.
అట్రోపిన్ సిరంజి నా వేళ్ళ మధ్యే వెచ్చబడింది.
కొంచెం ఎక్కించి, ఆగి, విని
"ఇక లాగు, మెల్లగా" అన్నాను.

సాయంత్రం కట్టు కింద మూలుగుతూ అడిగాడు,
గుర్రం వచ్చిందా అని.
వచ్చింది, అన్నాను.
కాసేపు నిలబడింది కూడా.