సెల్లార్‌లో కిటికీలు

చిక్కడపల్లిలో మా డీటీపీ సెంటరున్న సెల్లార్‌కి
ఒక్క కిటికీ లేదు.
పొద్దుటినుంచీ కిటికీల గురించే కొట్లాట.

ఖదీర్ తన వెండిరంగు మిషన్ మీద వేలు జారుస్తాడు.
పెళ్లికార్డు అంచున బంగారు తీగ
పాలమీద మీగడలా కదులుతుంది.
"చూడండక్కా, ఒక్క గీత చెదిరిందా?
దీనికి వైరస్ రాదు, వేషాలు రావు."

శాంసన్‌కి మౌస్ అంటేనే చిన్నచూపు.
వాడి తెర నల్లగా, గళ్లుగళ్లుగా,
కొత్తగా పరిచిన బండల్లా ఉంటుంది.
ఏ కిటికీ ఇంకోదాని మీద పడదు.
కొత్తది తెరిస్తే పాతవి తలా కాస్త జరిగి చోటిస్తాయి,
నూటపదమూడు నంబరు బస్సులో
ఆడవాళ్ల సీటులాగ.
"ఒకదానిమీదొకటి పడేసుడేందక్కా,
అది డెస్క్‌టాపా, ఉతికిన బట్టల మూటా?"

నాది మూటే.
అడుగున కిరాయి అగ్రిమెంటు, దానిపైన చిట్‌ఫండ్ నోటీసు,
అన్నిటికన్నా పైన ఎవరిదో పదోరోజు కార్డు.
ఏ మడతలో ఏముందో నా చేతికి తెలుసు.
పందొమ్మిదేళ్లుగా అదే పచ్చగుట్ట, అదే నీలం.
ఈ గదిలో ఆకాశం అంటూ ఉన్నది
అదొక్కటే, మార్చమంటే ఎట్లా?

"భాయ్, నీది కోకాపేట గేటెడ్ కమ్యూనిటీ,"
శాంసన్ మొదలుపెట్టాడు,
"గోడకి మేకు కొట్టాలన్నా అసోసియేషన్‌ని అడగాలె."
"నీది సొంత ప్లాటే, ఒప్పుకుంటా.
పదేండ్లసంది పునాదే తవ్వుతున్నవ్,
ఇంట్ల పండుకునేది ఎప్పుడు?"
"మరి నాది?" అన్నాను, ఉండబట్టలేక.
ఇద్దరూ ఒక్కటైపోయారు:
"మీది పాత పగిడీ మల్గి అక్కా.
కిరాయి కట్టరు, ఖాళీ చెయ్యరు."

ఓనరు నర్సింగరావు మెట్లమీంచి తొంగిచూసి
"మూడిట్ల కరెంటు తక్కువ తాగేదేది?" అని
జవాబు వినకుండానే పోయాడు.

అప్పుడొచ్చాడు ఒకాయన, చేతిలో చిట్టీ.
బిడ్డ పళ్ల డాక్టరట, బోర్డుకి పేరు కావాలట.
జ్యోత్స్న.

ఖదీర్ కొట్టాడు. 'త'కి పొల్లు నెత్తిన నిలబడింది,
'స'కి ఇంకో పొల్లు, 'న' ఎవరికీ కానట్టు చివర్న.
"ఫాంటుది తప్పు, మిషన్‌ది కాదు," అన్నాడు.
శాంసన్ తెరమీద ఒత్తులన్నీ చక్కగా కూడాయి,
కాని కింది ఒత్తు పాదం గీత దగ్గర తెగిపోయింది.
"ఇది వాళ్లకు రాసి పంపిన, వచ్చే విడుదలల సరిచేస్తరు."
"బోర్డు ఎల్లుండికి బాబూ," అన్నాడాయన.

నేను తొమ్మిది మీటలు నొక్కి
ముక్కా ముక్కా అతికి నిలబెట్టాను.
చూడముచ్చటైన జ్యోత్స్న.
అయితే నా మిషన్ దాటిందంటే
అది పేరు కాదు, ఇంగ్లీషు అక్షరాల చెత్త.
దాన్ని బొమ్మగా మార్చి ఖదీర్‌కిచ్చాను,
వాడు చుట్టూ నీడ, అంచు పెట్టి శాంసన్‌కిచ్చాడు.
ఎందుకంటే మా ముసలి ప్రింటరు
వాడొక్కడి మాటే వింటుంది.

కాగితం సగం బయటికొచ్చింది.
జ్యో, అంతవరకే.
కరెంటు పోయింది.
మూడు యూపీయస్‌లు కుయ్యి కుయ్యిమని,
ముందు నాది, తర్వాత ఖదీర్‌ది, ఆఖర్న శాంసన్‌ది,
ఒకటొకటే కళ్లు మూశాయి.
"నాది రెండు నిమిషాలు ఎక్కువ నిలబడ్డది చూసిన్రా?"
చీకట్లో శాంసన్ గొంతు.

ఆయన చిట్టీతో విసురుకుంటున్న చప్పుడు.
"ఉక్కపోస్తున్నదమ్మా," అన్నాడు,
"కిటికీ ఏదన్నుంటే జర తెరువరాదు."

ముగ్గురం గోడవైపు తిరిగాం.