గంటకు పావుగంట

డండీలో మే నెలంటే
కిటికీ బయట సముద్రపు మంచు, లోపల పరీక్షలు.
మూడో అంతస్తు చివరి గదికి కాపలా నేను.
పెద్ద హాల్లో నాలుగు వందల మంది రాస్తుంటే
ఇక్కడ ఏడుగురే.
గంటకు పావుగంట ఎక్కువ వీళ్ళకి.
యూనివర్సిటీ వేసిన కొసరు
అని నవ్వేదాన్ని, చేరిన కొత్తలో.

నా పేరు ఎఫీ. పోస్టాఫీసు కౌంటరు వెనక
ముప్ఫై ఏళ్ళు కూర్చున్నదాన్ని.
కూర్చోవడం, గడియారం చూడడం,
ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూడకుండా చూడడం:
నాకొచ్చిన విద్యలివే.

ముందు వరసలో రోస్‌లిన్.
చక్కెర పడిపోతే తాగడానికి
బల్ల మీద నారింజ రసం, అనుమతి పత్రంతో సహా.
దాని వెనక, తలుపు వేసుందో లేదో
పేజీకోసారి తిరిగి చూసుకునే కుర్రాడు.
నేను తలూపుతాను. మళ్ళీ రాస్తాడు.

కిటికీ పక్కన స్ట్రూఅన్ పెట్రీ, నలభై నాలుగేళ్ళు.
పంతొమ్మిదేళ్ళు ఇరవై రెండో నంబరు బస్సు నడిపి
చరిత్ర చదవడానికొచ్చాడు.
గది తలుపు తెరిచేలోగా
కారిడార్లో నిలబడి తనే చెప్పాడు:

నవంబరులో ఓ రోజు
చదువు మానేస్తానని రాసివ్వడానికి
విద్యార్థుల సహాయ కేంద్రానికి వెళ్ళాడట.
ఒక్క పేజీ ఫారం.
అరగంటైనా మొదటి గడి దగ్గరే ఉన్నాడట.
కౌంటరులో అమ్మాయి, షోనా, టీ కప్పు పక్కనపెట్టి
"మీరు చదువుతుంటే అక్షరాలు ఏం చేస్తాయి?" అందట.

అన్నేళ్ళలో
ఒక్క బళ్ళో ఒక్కరూ అడగలేదు ఆ మాట.

"నా బస్సెక్కే జనంలాగే," అన్నాడట.
"స్టాపు రాగానే లైను తప్పుతాయి,
వెనకది ముందెక్కుతుంది,
ఒకటి ఎక్కనే ఎక్కదు,
నేనేమో తలుపు మూసేస్తాను."

షోనా ఆ ఫారం సొరుగులో పడేసి
ఇంకోటి తీసింది. పదకొండు పేజీలు.
చదవడం కష్టమని నిరూపించుకోవడానికి
చదివి నింపాల్సిన పదకొండు పేజీలు!
ఆమె చదివింది, అతను చెప్పాడు,
మూడు మధ్యాహ్నాలు.
ఆపైన పరీక్షించే నిపుణురాలి కోసం తొమ్మిది వారాలు,
ఒకసారి పోయి దొరికిన ఫైలు,
"మీ దరఖాస్తు అందినది" అని నాలుగుసార్లొచ్చిన మెయిలు,
"ఈ వయసులోనా?" అని
లేచి దిగిన ఓ ప్రొఫెసరు కనుబొమ.

పన్నెండు.
పెద్ద హాలు ఖాళీ అవుతోంది.
మెట్ల మీద చెప్పుల చప్పుడు, నవ్వులు,
"మూడో ప్రశ్న రాశావా?" అని ఎవరో ఎవరినో.
ఏడు తలలు ఇంకాస్త కిందికి వంగాయి.
ఇంకా అరగంట.

మా తమ్ముడు ఆలెక్‌ది వెనక బెంచీ.
పదిహేనో ఏట జనపనార మిల్లుకి పోయాడు.
పుట్టినరోజు కార్డిస్తే
పైనున్న బొమ్మ చూసి బాగుందనేవాడు.
లోపల తెరిచేవాడు కాదు.
గర్వమనుకున్నాం ఇంటిల్లిపాదీ.

నిండా తూచాక చెయ్యి జారి వేసేది కొసరు.
వీళ్ళ తూకమే...
సరే, గదిలో మాట్లాడకూడదు, నా మనసైనా.

"ఐదు నిమిషాలు," అన్నాను.
స్ట్రూఅన్ కలం పెట్టేశాడు.
తను రాసిందాన్ని తనే
వేలు పెట్టి, పెదవులు కదుపుతూ
మొదటి నుంచి చదువుకుంటున్నాడు.
ఒకచోట వేలు ఆగింది.
వెనక్కి వచ్చింది. ఓ అక్షరాన్ని దిద్దాడు.

పసుపు చీటీ ఇంకా బల్ల మీదే ఉంది:
అక్షరదోషాలకు మార్కులు తగ్గించవద్దు.
అంటించాలా వద్దా అని పొద్దుట్నుంచీ
దాన్ని అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాడు.
ఆఖరికి అట్ట మీద పెట్టి
బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

పన్నెండున్నర దాటి ఒక్క ఊపిరి ఆగి
కాగితాలు తీసుకున్నాను.

ఈ ఊళ్ళో బస్సు దిగేవాళ్ళు
డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతారు.
తలుపు దగ్గర అతను
అలవాటు లేని వైపు నుంచి
నాకు చెప్పి వెళ్ళాడు.