మధ్య కుర్చీ

గెంట్ ఊళ్లో వాన.
ట్రామ్ దిగి, తడిసిన గొడుగు మూలన ఆనించి కూర్చున్నాను.
నా కుర్చీ ఎప్పుడూ ఇద్దరి మధ్యన, అరడుగు వెనక్కి.
గంటకింత అని కూలి. సొంత మాట ఒక్కటీ కలపకూడదు.
అటూ ఇటూ తిరిగి నా మెడకూ ఒక పోటుంది,
దాన్ని ఎవరూ అడగరు.

ఎదురుగా సెల్వినాజ్.
పుట్టగొడుగుల షెడ్లలో పందొమ్మిదేళ్లు చీకట్లో వంగిన మనిషి.
కూర్చుంటే నడుము, లేస్తే మోకాళ్లు,
పడుకుంటే అన్నీ.

ఫిజియోథెరపిస్టు లీవెన్ మంచివాడే. చేతిలో ప్లాస్టిక్ వెన్నెముక.
"సున్నా నుంచి పదిలో నొప్పి ఎంత?"
టర్కిష్‌లో అడిగాను.
ఆమె లెక్క వేరు.
పొద్దున పోటు, మధ్యాహ్నం తీపు, రాత్రి సలుపు,
వానకు ముందు ఎముకల్లో పీకుడు,
పెనిమిటి సమాధి ఎంత దూరాన ఉందో గుర్తొస్తే
గుండె కింద మంట.
"వీటిలో దేనికి అంకె కావాలట?"
నేను "ఏడు" అన్నాను.
అతను రాసుకున్నాడు.
ఆ ఏడు నాది.

"నొప్పిని తయారుచేసేది మెదడు," అన్నాడు లీవెన్,
"నడుములో గాయం ఎప్పుడో మానింది."
ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడే చెడింది.
దుకాణం షట్టర్ దించినట్టు ఆమె ముఖం.
"బీమా ఆఫీసు డాక్టరూ ఇదే అన్నాడు.
మర్నెల నుంచి డబ్బు ఆపేశాడు."

లీవెన్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో దారి తొక్కాడు.
"ఇంట్లో దొంగల అలారం ఉందనుకోండి.
దొంగ లేడు. ఆకు రాలినా మోగుతోంది."
"నా ఇంట్లో అలారం లేదు. దోచుకోడానికి ఏముందని?"
కాసేపాగి,
"అయినా దొంగ రాలేదని ఎవరన్నారు?
పందొమ్మిదేళ్లు వచ్చాడు. నెలనెలా జీతం కూడా ఇచ్చాడు."

కిటికీ మీద వాన.
వెన్నెముక అతని చేతిలో ఊరికే టకటకమంది.

అప్పుడు ఆమే ఎత్తుకుంది, నేలను చూస్తూ:
"ఎమిర్దా కొండల్లో మా నాయన మందకో కుక్క.
ఒక చలికాలం తోడేలు దాని చెవి చీల్చింది.
చెవి మానింది.
ఆ తర్వాత గాలి కదిలినా, గొర్రె దగ్గినా
తెల్లవార్లూ మొరిగేది.
మా అన్న కర్ర ఎత్తాడు. నాయన ఆపాడు.
గొంగడి పట్టుకెళ్లి దాని పక్కన కూర్చున్నాడు, తొమ్మిది రాత్రులు.
దానికి పిచ్చీ లేదు, అబద్ధమూ రాదు.
తోడేలు వెళ్లిపోయిందని
దాని భాషలో చెప్పినవాళ్లు లేరు, అంతే."

ఫ్లెమిష్‌లోకి తెస్తుంటే నా గొంతు ఒకచోట జారింది.
లీవెన్ వెన్నెముక బల్ల మీద పెట్టేశాడు.
"నేను చెప్పాలనుకున్నది ఇదే!"
అయితే నువ్వు నాకు నేర్పిందేమిటి
అన్నట్టు చూసింది.
చూపులకు కూలి ఇవ్వరు. అది అనువదించలేదు.

తగ్గిందా అని అడగకండి.
మరుసటి వారం వచ్చి తనే అంది:
"మొరుగుతూనే ఉంది. పక్కన కూర్చుంటున్నాను.
నిన్న ఇద్దరం కలిసి కాలువ వంతెన దాకా నడిచాం."

నెల తిరిగాక అదే గదిలో మెస్తాన్.
బల్గేరియా నుంచి వచ్చిన టర్కు, ఇళ్ల కప్పులు వేసేవాడు, భుజం ఎత్తలేడు.
లీవెన్ ఉత్సాహంగా ముందుకు వంగాడు:
"ఒక కుక్క ఉందనుకోండి..."
నేను వాక్యం ముగించకముందే
మెస్తాన్ ప్యాంటు పైకి లాగాడు.
పిక్క మీద నాలుగు పళ్ల గాట్లు.
"కుక్కల సంగతి నాకు చెప్పొద్దు."

నవ్వాను. నవ్వకూడదు, నిబంధన.
లీవెన్ కూడా నవ్వాడు. కాగితం మీద కుక్కను కొట్టేశాడు.
కాగితం తిరగేసి, తెల్ల వైపు అతని ముందుకు తోసి,
"మరి మీదాన్ని మీరేమంటారు?"

ఎన్నేళ్లుగా ఈ కుర్చీలో కూర్చున్నానో,
ఈ ప్రశ్న తర్జుమా చేయడం ఇదే మొదలు.
మెస్తాన్ కిటికీలోంచి ఎదుటి కప్పును చూస్తున్నాడు.
ఎక్కడో ఒక పెంకు జారినట్టుంది, కళ్లు అక్కడే ఆగాయి.
గంటలో ఎనిమిది నిమిషాలే మిగిలాయి.
తొందరపెట్టలేదు ఎవరూ.