ఇంకా ఆరని సున్నం

నాలుగున్నరకే తెరెంతీ పడవ విప్పాడు.
ఇంజను వద్దన్నాను, తెడ్డు చాలు.
డాన్యూబ్ ఇక్కడ తనను నది అని చెప్పుకోదు.
రెల్లులో దారి తప్పిన నీళ్లు, అంతే,
సముద్రం ఎటో మరిచిపోయి నిలబడ్డట్టు.

మూడు తెల్లకొంగలు.
ఇంకా తెల్లగా లేవు.
ఒకటి వెల్లుల్లి పొర రంగు,
ఒకటి పొయ్యి బూడిద,
మూడోది నీళ్లదే రంగు,
కదిలితే ఉంది, లేకుంటే లేదు.

కెమెరాకి తెలుపు తెలియదు.
దాని లెక్కలో లోకమంతా ఒకటే నడిమి బూడిద.
మంచు చూపిస్తే మసి పూస్తుంది
బొగ్గు చూపిస్తే పిండి చల్లుతుంది.
కొంగ నిండుగా ఎదురుంటే వెలుగు ఒక మెట్టు ఎక్కించాలి,
నల్లటి రెల్లు ముందు నిలబడితే
అదే మెట్టు దిగిరావాలి.
చెయ్యి జారిందా, ఈకలన్నీ కాలిపోయి
కొంగ ఉన్నచోట
కొంగంత చిల్లు.

మొదటి ఏడు నేను తీసినవన్నీ చిల్లులే.
ఒక వేసవికి నలభై రెండు.
తెరెంతీ ఒక్కొక్కటీ తిప్పి చూసి
గడ్డం గోక్కుని అడిగాడు:
"తెలుపు బాగానే వచ్చింది గ్లికేరియా,
మరి పిట్టేది?"

మా అమ్మ ఫెవ్రోనియా
ఈస్టర్‌కి ముందు గోడలకు సున్నం వేసేది.
బకెట్టులో చిటికెడు నీలి కలిపి,
నా వేలు కూడా అందులో ముంచి,
"ఇది పడకపోతే తెలుపు నిలవదే, పచ్చబడుతుంది" అనేది.
చారులో ఉప్పు సంగతిలా విని వదిలేశాను.

ఇప్పుడు కంటికి అద్దం ఆనించుకుని
ఆ చిటికెడు కోసమే వెతుకుతున్నాను.
ఎండ తగిలే వైపు కాదు.
రెక్క కింద, మెడ వంపులో,
ఆకాశం కాస్త ఒలికి
ఆరకుండా ఆగిన చోట.

ఆరుంబావుకి సూర్యుడు విల్లో కొమ్మలు దాటాడు.
పలచటి మబ్బొకటి అడ్డమొచ్చింది, పాలు వడకట్టే గుడ్డలా.
అదీ వెలుగంటే!
ఊపిరి బిగబట్టాను.
తెరెంతీ తుమ్మాడు.

రెండు లేచిపోయాయి.
వాటి కాళ్ల నుంచి జారిన నీటిబొట్లు
వరసగా పడ్డాయి, కుట్టు వేసినట్టు.
మూడోది మెడ ముడుచుకుని
మమ్మల్ని లెక్కలోంచి తీసేసి
అలాగే నిలబడింది.
ఒక్కసారి నొక్కాను.
భయపడి రెండు మెట్లు దించి నొక్కాను.

మధ్యాహ్నం అచ్చు తీస్తే అంతా బూడిద.
ఈకలు మాత్రం ఉన్నాయి, ఒక్కొక్కటీ,
రెక్క కింద అరచేతి వెడల్పు నీలి ఉంది.
దిద్దుదామని కూర్చున్నాను.

అమ్మ అందుకుంది.
పొర కమ్మని కంటివైపు తిప్పుకుని
బొటనవేలితో తడిమి, వేలు చూసుకుంది
రంగేమైనా అంటిందా అని.
"తడి సున్నం ఇలాగే ఉంటుంది. ఇంకా ఆరలేదు" అంది.
"తొందరపడి రెండో పూత వెయ్యకు."

వెయ్యలేదు.
కిటికీ గట్టు మీద పెట్టాను,
ఎండ పడేలా.